బాబు మియా నోట లేని మాట

గద్వాలలో బాబు మియా నోట 'లేదు' అనే మాట విన్నవాడు లేడు. చూశారా, మొదటి వాక్యంలోనే నాకు ఆ మాట లేకుండా జరగలేదు. ఆయనకు మాత్రం జన్మంతా జరిగింది. అదీ చిల్లర దుకాణం పెట్టుకొని! సన్యాసి 'లేదు' అనకుండా బతకవచ్చు. నవాబు బతకవచ్చు. జర్మనీవాళ్ళ యుద్ధం నడుస్తూ, దీపాల్లోకి పోసే గ్యాసునూనెకూ శక్కరకూ ఊరంతా కటకటలాడుతున్న రోజుల్లో ఒక చిల్లర దుకాణదారు ఎలా బతుకుతాడు? ఎదురింటి అరుగు మీద కూర్చొని ఆ వైభవం చూసినవాణ్ణి గనుక చెబుతున్నాను.

'లేదు' ఒక్కటే కాదు, దాని చుట్టాలు కూడా ఆయనకు గిట్టవు. కాదు, రాదు, వద్దు, తెల్వదు, అయిపోయింది - ఏదీ ఆ గడప దాటి బయటికి రాదు. 'లేదు' అన్న ఇంట్లో లేమి కాలు పెడుతుందని చిన్నప్పుడు వాళ్ళ నాయనమ్మ చెప్పిందట. పాపం ఆమె చెప్పింది లేమి గురించి. ఈయన పట్టుకున్నది వ్యాకరణాన్ని.

మన ఆడవాళ్ళకూ ఈ పద్ధతి కొంత ఉన్నదే. బియ్యం అయిపోతే నిండుకున్నవంటారు. దీపం ఆరిపోతే కొండెక్కిందంటారు. ముస్లిముల ఇళ్ళలో గిన్నె అడుగంటితే 'బర్కత్ ఉన్నది' అంటారు, అంటే దేవుడి చలువ ఉన్నదని. బాబు మియాకు రెండు భాషలూ వచ్చు గనుక రెండు దిక్కుల సరుకూ తెచ్చి ఒకే గల్లాలో వేసుకున్నాడు.

"మియా, అగ్గిపెట్టె ఉన్నదా?"

"నిండుకున్నయి."

"గ్యాసునూనె?"

"కొండెక్కింది."

"బెల్లమన్న ఉన్నదా?"

"బర్కత్ ఉన్నది."

"మరి దుకాణంల ఉన్నదేంది మియా?"

"నేనున్న గద. కూసో, బీడి తాగు."

ఊరివాళ్ళకు ఇదంతా అలవాటే. తంటా అంతా పరాయి ఊరివాళ్ళతోనే.

సాయంత్రం దుకాణం మూయడం ఆయనకు రోజూ ఒక గండం. 'మూస్తున్న' అంటే దివాలా తీసినట్టే కదా! ఉర్దూలో దుకాణం కట్టేసేటప్పుడు 'బఢానా' అంటారు. అంటే పెంచడం. బాబు మియా దాన్ని శుభ్రంగా తెలుగు చేసుకున్నాడు. తలుపు చెక్కలు ఒక్కొక్కటే అమరుస్తూ, "ఇగ దుకాణం పెంచుతున్న" అని అందరికీ వినబడేట్టు అనేవాడు. ఒకనాడు మల్దకల్ నుంచి వచ్చిన మేస్త్రీ లింగయ్య చెవిన ఆ మాట పడింది. తెల్లారేసరికి గడ్డపారతో, ఇద్దరు కూలీలతో దిగాడు.

"ఏ దిక్కు పెంచుదాం సేటూ? ఉత్తరమా, తూర్పా?"

"ఏంది పెంచేది?"

"దుకాణం! నిన్న మాపటికి నువ్వే అంటివి గద."

బాబు మియా పరేషాన్ అయ్యాడు. 'నేను పెంచడం లేదు' అనాలి. ఆ వాక్యం చివర తేలు కూర్చొని ఉంది.

"పెంచుడు నిన్ననే అయింది లింగయ్యా. పొద్దుగూకంగ పెంచిన, తెల్లారంగ తెరిచిన."

లింగయ్య దుకాణం చుట్టూ రెండుసార్లు తిరిగి గోడలు తట్టి చూశాడు. "పెంచింది ఏడున్నది సేటూ? నాకు కండ్లు గిట్ల పోయినయా?" అని కళ్ళు నులుముకున్నాడు. చివరికి, వచ్చినవాణ్ణి వద్దనలేక, బాబు మియా దుకాణం ముందర ఒక రాతికట్ట కట్టించాడు. దాని మీద మేం సాయంత్రాలు కూర్చొని దుకాణం పెంచడం చూస్తుండేవాళ్ళం.

ఆ ఏడే ఔరంగాబాదు దిక్కు నుంచి ఒక గిర్దావరు, అంటే రెవెన్యూ తనిఖీ అధికారి, కొత్తగా వచ్చాడు. మరాఠీ ఆయన. తెలుగు నేర్చుకుంటున్న ముచ్చటలో ఉన్నాడు. ఎవరైనా ఉర్దూ ఎత్తుకుంటే, "తెలుగు! తెలుగు!" అని కసిరేవాడు. ఎవరెవరు శక్కర దాచుకున్నారో చూడడానికి బయలుదేరి బాబు మియా ముందు నిలబడ్డాడు.

"శక్కర ఉందా?"

"నిండుకున్నది, హుజూర్."

ఆయన కళ్ళు మెరిశాయి. "నిండు... అంటే భర్తీ!" అని తనకు తానే పాఠం అప్పజెప్పుకున్నాడు. "బెల్లం?"

"అదీ నిండుకున్నది."

"గ్యాసునూనె?"

"రెండు డబ్బలూ నిండుకున్నయి, హుజూర్."

ఇంత నిజాయితీగల దొంగను ఆ గిర్దావరు తన నౌకరీలో చూసి ఉండడు. వెంటనే జవానును లోపలికి తోలాడు. జవాను ఒక్కొక్క డబ్బాలో తల దూర్చి "ఖాలీ హై సాబ్!" అని అరుస్తున్నాడు. అలా అరిచినప్పుడల్లా బాబు మియా చెవులు మూసుకొని "తౌబా, తౌబా" అంటున్నాడు. అది దొరికిపోతానన్న భయమనుకొని గిర్దావరు ఇంకా ఉత్సాహంగా "ఇంకో డబ్బా! ఇంకో డబ్బా!" అంటున్నాడు. ఇక నేను అరుగు దిగి, "హుజూర్, మా తెలుగులో నిండుకోవడమంటే లేకపోవడం" అని విన్నవించాను. ఆయన జవానును వెనక్కి పిలిచాడు. ఆ తర్వాత గద్వాలలో ఉన్నన్నాళ్ళూ ఉర్దూ తప్ప మాట్లాడలేదు.

ఇలాంటి మనిషికి ఒక్కడే కొడుకు, ఇబ్రహీం. ఆ యేడు వానాకాలం మొదట్లో వాణ్ణి హైదరాబాదు కాలేజీకి పంపారు. టేషనుకు నేనూ వెళ్ళాను. వేరే తండ్రులు 'పోయి రా బిడ్డా' అంటారు. 'పోయి' అనే ముక్క ఈయనకు పనికిరాదు. కాబట్టి దాన్ని తీసేసి మిగిలింది అన్నాడు. బండి కదులుతుంటే వెంట నడుస్తూ, చెయ్యి ఊపుతూ, "రా బిడ్డా, రా! రా!" అని ఒకటే కేక. పిలగాడు కంగారుపడి దిగబోయాడు. పక్కనున్న పెద్దమనిషి చొక్కా పట్టుకొని ఆపబట్టి గాని, లేకపోతే వాడి చదువు ఆ టేషనులోనే పూర్తయ్యేది.

వానలు వెనకపట్టు పట్టాయి. పెద్దలకు పెట్టుకునే పెత్రమాస దాటింది. మా దిక్కు ఇది నోరు ఊరుకోని కాలం. పల్లికాయ పీకుతారు, సీతాఫలాలు గంపలకెత్తుతారు, వాకిలి నిండా ఎండ లేతగా పరుచుకుంటుంది. మామూలుగా ఈ రోజుల్లో బాబు మియా భార్య తాజ్‌బీ పొయ్యి చల్లారదు. తల్లి వేయించడం, కొడుకు వేడి ఆరకముందే ఎత్తుకుపోవడం, ఆమె అట్లకాడ పట్టుకొని వాడి వెంటపడటం - అదొక ఉత్సవం. ఈసారి ఆ ఇల్లు చప్పుడు లేకుండా పడి ఉంది.

మా ఇంటామె జోగులమ్మ ఒకనాడు పక్కన కూర్చొని మొదలుపెట్టింది.

"తాజ్‌బీ పొయ్యిల పిల్లి లేస్తలేదు. పొద్దుగాల నాలుగు రొట్టెలు కాలుస్తది, మాపటికి గవ్వే. కూర ఏంది అంటే, 'ఇద్దరికేం కూర' అంటది. మనిషి సగమైంది. గిట్లనే ఉంటే దవాఖానకు తీస్కపోవాలె."

"మియా ఏమంటుండు?"

"ఆయనేమంటడు? 'తాజ్‌బీ ఎట్లున్నది' అంటే 'నిండుగున్నది' అంటడు. నాకు గుండె ఝల్లుమన్నది!"

వాళ్ళింట్లో వాళ్ళు ఉర్దూలోనే మాట్లాడుకుంటారు గాని, పోట్లాట మాత్రం తెలుగులో. ఎదురింటివాళ్ళకు అర్థం కాకపోతే పోట్లాటకు అందమేముంది? ఆ సాయంత్రం మాకు ఇలా వినబడింది.

"ఇంట్ల పిలగాడు లేడు. ఎవరికోసం వండాలె?"

"తౌబా! 'వస్తుండు' అను."

"ఎప్పుడొస్తుండు?"

"వచ్చే దినం."

"దసరాకా?"

"వస్తుండు అంటే వస్తుండు."

"నీతోని మాట్లాడుడు కంటే సున్నం డబ్బతోని మాట్లాడుడు నయం!"

ఇక ఆ మరునాటి నుంచి బాబు మియా దుకాణంలో పప్పు దొరికినా దొరకకున్నా ఈ మాట మాత్రం అందరికీ దొరికింది. ఉప్పుకు వచ్చినవాడికి వస్తుండు. చింతపండుకు వచ్చినామెకు వస్తుండు. అడిగినవాళ్ళకే కాదు, అడగనివాళ్ళకు కూడా కొసరు వేసినట్టు, "మా ఇబ్రహీం వస్తుండు" అని చెప్పి పంపేవాడు.

మొదట నమ్మినవాడు టాంగా ఖాసిం. కాచిగూడ బండి వచ్చినప్పుడల్లా టాంగాలో ఒక చోటు ఖాళీగా పెట్టుకొని టేషనులో నిలబడేవాడు. పిలగాడు దిగకపోతే నేరుగా బాబు మియా ఇంటికే వచ్చి తన గోడు వెళ్ళబోసుకునేవాడు.

"ఇయ్యాల గూడ రాలే మియా."

"వస్తుండు ఖాసిం. లోపలికి రా, చాయ తాగు."

చాయ కోసం తాజ్‌బీ లేవాలి. విసుక్కుంటూనే లేచేది. లేచినందుకు పొయ్యి వెలిగేది.

తర్వాత రాజోలి నుంచి తాజ్‌బీ అక్క మౌలాబీ, ఎద్దుల కచ్చరంలో పల్లికాయ బస్తాతో సహా దిగింది. "నా చెల్లె కొడుకు వస్తుండంట, నాకొక్క మాట చెప్పరా?" అని గడపలోనే కయ్యం మొదలుపెట్టింది. అక్కాచెల్లెళ్ళిద్దరూ పల్లికాయ ఉడకబెట్టాలా, వేయించాలా అన్నదాని మీద మూడు పూటలు పోట్లాడి, చివరికి సగం ఉడకబెట్టి సగం వేయించారు. రెండూ తినడానికి మనుషులు కావాలి గదా! వాడి దోస్తులు వచ్చారు. మగ్గాల వాడకట్టు నుంచి వచ్చారు. సీతాఫలాల గంపతో వచ్చినవాళ్ళు వచ్చారు. అందరిదీ ఒకటే ప్రశ్న.

"పిలగాడేడి?"

"వస్తుండు. కూసోండ్రి."

కూర్చునేవాళ్ళు. వనపర్తి నుంచి ఒక పెద్దమనిషైతే పిల్లగాణ్ణి చూసి సంబంధం ఖాయం చేసుకుపోదామని వచ్చి రెండు పూటలు తిని కూర్చున్నాడు.

"మా పిల్ల మీకు ఇష్టమేనా మియా?" అని ఆయన అడిగితే బాబు మియాకు చెమటలు పట్టాయి. వాళ్ళ పెండ్లప్పుడే 'లేదు', 'వద్దు' అనే మాటలన్నీ తాజ్‌బీ వాటాకు వెళ్ళిపోయాయి. ఆమె లోపలినుంచే కాపాడింది.

"ముందుగాల చదువు, తర్వాత పెండ్లి. ఇప్పుడైతే ఏ సంబంధం వద్దు. రొట్టె చల్లగైతుంది, తిను భాయ్."

ఆ గొంతు విని జోగులమ్మ నన్ను మోచేత్తో పొడిచింది. తాజ్‌బీ గొంతు లేచిందంటే మనిషి లేచినట్టే. "ఊరంత వచ్చె, వచ్చేటోడేడి?" అని మొగుడి మీద అరుస్తూనే ఇంకో చాటెడు పిండి కలిపేది. ఆమె మొహం మీద కళ వచ్చింది. కాని ప్రతి బండి వేళకూ ఒకసారి వాకిట్లోకి తొంగిచూడటం మాత్రం మానలేదు. అది చూసినప్పుడు నాకు కొంచెం గుబులుగా ఉండేది.

ఆ నడుమ గద్వాల చీరెల మూట కట్టుకొని అమ్మకానికి హైదరాబాదు వెళ్ళాను. పనిలో పనిగా ఇబ్రహీం ఉండే చోటు వెతుక్కుంటూ పోయాను. పిలగాడు హాకీ కర్ర చంకన పెట్టుకొని ఎదురొచ్చాడు.

"దసరాకు వస్తున్నవు గదరా?"

"ఎట్లొస్త మామా? మా జట్టు బీదర్ పోతుంది. చలికాలం సెలవులకే వస్త. అబ్బా మొన్న సరుకులకు వచ్చినప్పుడే చెప్పిన. 'మంచిగ ఆడు' అన్నడు. ఎందుకు, అమ్మీకి చెప్పలేదా?"

"చెప్తుండు" అన్నాను. బాబు మియా గాలి నాకూ సోకినట్టుంది.

దసరా ముందు రోజు తిరిగొచ్చాను. నేరుగా పోయి రాతికట్ట మీద కూలబడ్డాను.

"మియా, ఇబ్రహీంను కలిసిన."

"మంచిగ ఆడుతుండా?"

ఆయన బీడీ తీసి నా చేతిలో పెట్టాడు.

"రాడని తెల్సి గూడ ఊరంత చాటింపేస్తివి! రేపు ఆ తల్లి ఏమైపోవాలె?"

"జంగయ్య భాయ్, ఒక్క మాట చెప్పు. 'నా కొడుకు చదువుకుంటుండు' అంటే నువ్వేమంటవు?"

"మంచిగున్నది అంట."

"అని?"

"అని ఇంటికి పోత."

"అదే 'వస్తుండు' అంటే?"

"చూసిపోదామని..." అంటూ ఆగిపోయాను.

బాబు మియా తన ఇంటి వైపు గడ్డంతో చూపించాడు. లోపల మౌలాబీ ఎవరినో తిడుతోంది. తాజ్‌బీ మౌలాబీని తిడుతోంది. ఎవరో పడీపడీ నవ్వుతున్నారు. పెనం మీద ఏదో చుయ్యిమంది.

"పెత్రమాసప్పుడు ఈ ఇల్లు ఎట్లుండె? ఇప్పుడెట్లున్నది?" అన్నాడు ఆయన.

నేను అంతకాలం ఆయన చాదస్తం చూసి నవ్వుకున్నాను. ఆ చాదస్తాన్ని కచ్చరంలా పూన్చి, ఊళ్ళో మనుషులందర్నీ అందులో ఎక్కించుకొని, పెండ్లాం ముందు దింపుతున్నాడని తట్టలేదు.

"మరి రేపు ఆమె గట్టిగ అడిగితే?"

"గదే ఆలోచన చేస్తున్న భాయ్" అన్నాడు. ఆ ఒక్క మాట అన్నప్పుడు మాత్రం ఆయన గొంతు చిన్నదైంది.

దసరా నాడు పొద్దు వాలేసరికి జమ్మి ఆకు పట్టుకొని వచ్చినవాళ్ళతో ఆ వాకిట్లో కాలు పెట్టే సందు లేదు. ఒకరికొకరు ఆకు ఇచ్చుకోవడం, అలాయ్ బలాయ్ తీసుకోవడం, ఆ చేతులతోనే పల్లికాయ గుప్పిళ్ళకెత్తుకోవడం. సరిగ్గా అప్పుడు ఖాసిం టాంగా వచ్చి ఆగింది. అందులో గుర్రం గడ్డి తప్ప ఏమీ లేదు.

తాజ్‌బీ పెనం దగ్గర నుంచి తలెత్తింది. "ఖాసిం, బండి వచ్చిందా?"

"వచ్చింది అమ్మా."

"పిలగాడు?"

ఖాసిం బాబు మియాను చూశాడు. బాబు మియా నన్ను చూశాడు. నేను పల్లికాయను చూశాను. నమలడాలు ఆగిపోయాయి.

"ఇబ్రహీం అబ్బా" అన్నది తాజ్‌బీ. "వాడు ఈ దసరాకు రాడని నీకు తెల్సా?"

ఇంకే మొగుడైనా 'నాకేం తెల్వదు' అని గట్టున పడేవాడు. ఈయన దగ్గర ఆ మాట లేదాయె. నోరు తెరిచాడు, మూశాడు, మళ్ళీ తెరిచాడు.

"తెల్సు."

తాజ్‌బీ అట్లకాడ పట్టుకొని లేచి నిలబడింది. ఖాసిం రెండడుగులు వెనక్కి వేశాడు. ఆమె వాకిలంతా ఒకసారి కలియజూసింది. చాట ఒళ్ళో పెట్టుకున్న అక్కను, ఉల్లిగడ్డ కోస్తూ కళ్ళు తుడుచుకుంటున్న మా జోగులమ్మను, సీతాఫలం గింజలు ఎక్కడ ఉమ్మాలో తెలియక బుగ్గన పెట్టుకున్న ఇబ్రహీం దోస్తులను, చివరికి గల్లా తాళాలు చేతిలో నలుపుతూ నిలబడ్డ మొగుణ్ణి. చూసినకొద్దీ ఆమె మొహంలో ఏదో మెల్లగా విడిపోయింది.

"ఇంకెవరికెవరికి చెప్పినవు, వస్తుండని?"

"లింగాల దిక్కు మీ చిన్నమ్మోళ్ళకు..." అన్నాడు బాబు మియా. "ఎల్లుండి దిగుతరు."

"ఎల్లుండా? ఎందరు?"

"కచ్చరం నిండ."

"కచ్చరం నిండ మనుషులొస్తుంటే గిప్పుడా చెప్పేది! పిండి ఏడున్నది? లే, గిర్నీకి పో! మీరేం చూస్తుండ్రు? వాడు చదువుకునేటందుకు పోయిండు, తప్పిపోలే. తినుండ్రి, చల్లగైతయి!"

అని జొన్నల సంచి ఆయన భుజానికెత్తింది. మొట్టమొదట దిగిన వేడి రొట్టె చుట్టి ఆయన నోట్లో కుక్కి మరీ తోలింది. ఇద్దరికేం కూర అన్న ఆ ఇంట్లో ఆ కార్తీకమంతా విస్తళ్ళు కుట్టడానికే ఒక మనిషి కావలసివచ్చింది.

చలికాలం సెలవులకు ఇబ్రహీం నిజంగానే వచ్చాడు. టాంగా దిగి, ట్రంకు పెట్టె దించుకొని, తన ఇంటి వాకిట్లో తనకు తెలియని చుట్టాలను చూసి నిలబడిపోయాడు. నేను పరుగున లోపలికి పోయాను.

"తాజ్‌బీ! ఇబ్రహీం వచ్చిండు!"

ఆమె పొయ్యి వైపే తిరిగి ఉంది. "వస్తడు తియ్ జంగయ్యన్నా. నువ్వు కూసో, రొట్టె తిను."

"నిజంగ వచ్చిండు తల్లీ!"

"ఆ, ఆ. ఆయన జబ్బు నీకూ అంటింది."

ఇబ్రహీం వెనక నుంచి "అమ్మీ" అన్నాడు. రోజుకెంతమంది పిల్లలు అలా పిలుస్తున్నారో, ఆమె తిరగకుండానే, "అయితుంది బిడ్డా, చేతులు కడుక్కొని కూసో" అన్నది. వాడు పాపం కడుక్కొని వరుసలో కూర్చున్నాడు. రొట్టె వచ్చింది, కూర వచ్చింది. ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

"అమ్మీ, కూరల కారం తక్కువైంది."

తాజ్‌బీ వంటకు పేరు పెట్టే ధైర్యం గద్వాలలో ఒక్కడికే ఉంది. ఆమె గిరుక్కున తిరిగింది. అట్లకాడ ఒక దిక్కు పోయింది, రొట్టె ఒక దిక్కు పోయింది. కొడుకును గట్టిగా పట్టుకొని, వాడి తల నిండా పిండి పూస్తూ, గుమ్మంలో నిలబడ్డ మొగుడి మీద కేక వేసింది.

"పిలగాడు వస్తుండని ఒక్క మాట చెప్పొద్దా?"

"పెత్రమాస కెల్లి చెప్తనే ఉన్న గద!" అన్నాడు బాబు మియా.